పై వాటా అక్క మిషను వరదలో మునిగిపోయింది, డబ్బిస్తే తీసుకోవడం లేదు. ఏం చేయమంటారు?

పైపులరోడ్డు కోడలు · సెప్టెంబర్ 29, 2024

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మాది విజయవాడ సింగ్‌నగర్, పైపుల రోడ్డుకి దగ్గర. రెండంతస్తుల ఇంట్లో కింద వాటాలో అద్దెకుంటున్నాం. జూన్‌లోనే చేరాం. నేను, మా ఆయన, మా అత్తయ్య, రెండో తరగతి చదివే మా బాబు. పైన ఒక అక్క, వాళ్ళాయన, ఇంటర్ చదివే వాళ్ళమ్మాయి. అన్నయ్యది కొబ్బరిబొండాల బండి. అక్క మెట్ల కింద, ఒక మంచం పట్టేంత చోటులో తొక్కుడు మిషను వేసుకుని జాకెట్లు, ఫ్రాకులు కుడుతుంది. వరద ముందు వరకు మా మధ్య మాటలంటే "మోటారు వేశారా", "కరివేపాకు ఉందా", అంతే.

ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. మా ఆయన ఇబ్రహీంపట్నం వైపు నైట్ డ్యూటీకి వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయారు. ఆదివారం పొద్దున్న వాకిట్లో నీళ్ళు చూసి గుమ్మానికి గోనెసంచులు అడ్డం వేశాను. కానీ నీళ్ళు ముందు వాకిలి నుంచి రాలేదు, బాత్‌రూమ్ తూములోంచి వచ్చాయి. నల్లగా, బుడగలు వేస్తూ. పది నిమిషాల్లో మంచం కోళ్ళు మునిగాయి. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, పట్టుకోకుండా మెట్టు ఎక్కలేదు. పైగా షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

పిలవకుండానే అక్క కిందికి వచ్చింది. చీర దోపుకుని, "పెద్దమ్మా, నా మెడ పట్టుకో" అని వంగింది. పద్దెనిమిది మెట్లు. వెనక నుంచి వాళ్ళమ్మాయి ఆనిపట్టుకుంది. మళ్ళీ దిగి బాబుని ఎత్తుకెళ్ళింది. మూడోసారి గ్యాస్ బండ, బియ్యం డబ్బా. అప్పటికి నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. మెట్ల కింద మిషను బల్ల కనిపించడం లేదు, పైన చక్రం అంచు ఒక్కటే తేలినట్టు కనిపిస్తోంది. అక్క దాన్ని ఒకసారి చూసి "తర్వాత చూద్దాంలే" అని పైకి నడిచింది.

ఆ మిషను తలకి, అంటే పైన కుట్టే భాగానికి, రెండే స్క్రూలట. విప్పి పైకి తీసుకెళ్ళడానికి ఐదు నిమిషాలు చాలట. ఈ మాట తర్వాత వాళ్ళమ్మాయి చెప్పింది. ఆ ఐదు నిమిషాలూ మా అత్తయ్యకి పెట్టింది.

ఐదు రోజులు ఆ రెండు గదుల్లో ఆరుగురం ఉన్నాం. కరెంటు లేదు. ట్యాంకులో ఉన్న నీళ్ళు మగ్గుతో కొలిచి వాడాం. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ పాడైపోతుందని నా టెన్షన్. అన్నయ్య ఒక పెద్ద కుండలో ఇసక పోసి, తడిపి, మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసాని పాలిథీన్ కవర్లో చుట్టి అందులో దించాడు. పైన తడిగుడ్డ కప్పి గాలి తగిలే మూల పెట్టాడు. రాత్రిళ్ళు కూడా లేచి ఆ గుడ్డ తడిపేవాడు. చీకట్లో నీళ్ళు చిలకరించే చప్పుడు విని, అన్నయ్య లేచాడనుకుని మళ్ళీ నిద్రపోయేదాన్ని.

ఎదురింటి మేడ మీద బాబాయి గారి సంగతి కూడా చెప్పాలి. సందు ఇరుకు కాబట్టి రెండు మేడలకీ మధ్య బట్టల తాడు కట్టి, దానికి బకెట్ తగిలించి ఆయన ఇటు లాగేవారు, మేము అటు లాగేవాళ్ళం. బిస్కెట్లు, కొవ్వొత్తులు, పడవ వచ్చినప్పుడు పాల ప్యాకెట్లు, ఒకసారి డ్రోన్ వాళ్ళ మేడ మీద దించిన పులిహోర పొట్లాలు, అన్నీ ఆ బకెట్లోనే. సందులో ఒక కుర్రాడి దగ్గర పవర్ బ్యాంక్ ఉంటే అది కూడా అలాగే ఇంటింటికీ తిరిగింది. ఒక్కో ఇంటికి ఒక్క ఫోన్ కాల్ అని వాళ్ళే లెక్క పెట్టుకున్నారు. సోమవారం సాయంత్రం మా ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడాను. "అమ్మ ఎలా ఉంది" అన్నారు, "పైన ఉంది" అన్నాను. ఇంకేం మాటలు రాలేదు.

రాత్రి నీళ్ళ చప్పుడుకి మా బాబు భయపడుతుంటే బాబాయి గారు అటు నుంచి గట్టిగా చెప్పేవారు. బుడమేరు అనే ఏరు మైలవరం కొండల్లోంచి వస్తుందనీ, వెలగలేరు దగ్గర దాని నీళ్ళని ఆపే గేట్లు (రెగ్యులేటర్) ఉన్నాయనీ, అక్కడి నుంచి కాలువ తవ్వి కృష్ణలోకి మళ్ళించారనీ, ఆ రోజు కృష్ణే నిండుగా ఉందనీ. సోమవారం కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది కదా. కాలువకి గండ్లు పడితే ఏరు పాత దారి పట్టి మన మీదుగా కొల్లేరుకి వెళ్తోందనీ, గండ్లు పూడితే నీళ్ళు దిగుతాయనీ చెప్పేవారు. దెయ్యం కాదు, ఏరు దారి తప్పింది అని వాడికి అర్థమైంది. నాకూ అదే ధైర్యం. సెప్టెంబర్ 7న, సరిగ్గా వినాయక చవితి నాడు, మూడో గండి కూడా పూడ్చారు. ఆ రోజు పత్రి ఎక్కడ దొరుకుతుంది? అక్క పసుపుతో వినాయకుణ్ణి చేసి, తన కుండీలో తులసే పెట్టి మా అందరి చేతా దండం పెట్టించింది.

ఇక అసలు సంగతి. వరద సాయంగా కింది వాటాల వాళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు వచ్చింది. అంటే మాకు 25, అక్కకి 10. సాయం లెక్క రాసేటప్పుడు మెట్ల కింది చోటుని ఆమె షాపు అని రాయించుకోలేదు. "బోర్డు కూడా లేదు, అదేం షాపు" అంది. మేము ఎనిమిది వేలు కవర్లో పెట్టి ఇస్తే తీసుకోలేదు. బలవంతంగా గూట్లో పెట్టి వచ్చాను. మర్నాడు ఆ కవరు మా బాబు స్కూలు బ్యాగులో ఉంది, దాంతో పాటు ఒక డబ్బా జంతికలు. పైకి వెళ్ళి అడిగితే ఒకటే మాట అంది: "పెద్దమ్మని మోసినందుకు కూలి ఇస్తావా?"

ఆ మాట నాకు బాగా తగిలింది. నా ఉద్దేశం అది కాదు. ఇప్పుడు దసరా వచ్చేస్తోంది, ఆమెకి ఏడాదిలో ఎక్కువ పని వచ్చే రోజులివి. వచ్చిన జాకెట్లన్నీ పక్క వీధి ఆవిడకి పంపించేస్తోంది. తను చేతి కుట్టు, చీరలకి ఫాల్స్ వేయడం మాత్రం చేస్తోంది. బురద పట్టిన మిషను ఇంకా మెట్ల కిందే ఉంది, గోనెపట్టా కప్పి పెట్టింది. రోజూ దాని పక్క నుంచే నేను ఇంట్లోకి వెళ్ళాలి. ఆమె మనసు నొచ్చుకోకుండా ఏం చేయాలో చెప్పండి.

---

గోపాలపట్నం మాష్టారు

అమ్మా, మీ పోస్టు చదివితే మాకు హుద్‌హుద్ తుపాను రోజులు గుర్తొచ్చాయి. 2014 అక్టోబర్ 12, అదీ ఆదివారమే. విశాఖలో చెట్లూ కరెంటు స్తంభాలూ అన్నీ నేలకొరిగాయి. కరెంటు లేకపోతే మోటార్లు లేవు, మోటార్లు లేకపోతే నీళ్ళు లేవు. మా వీధిలో ఒక ముసలమ్మ గారింట్లో పాత నుయ్యి ఉండేది. అందరూ బోర్లు వేయించుకున్నాక దాని ముఖం చూసినవాళ్ళు లేరు. ఆ వారం ఆవిడ గేటు తీసి ఉంచేశారు. చేద ఒక్కటే, వీధంతా లైను. ఆవిడ గట్టు మీద కూర్చుని "ముందు పసిపిల్లల వాళ్ళు" అని పంపించేవారు.

తర్వాత మేమందరం చందా వేసి ఇస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు. మరుసటి వేసవిలో మేము ఆరుగురం పోయి నూతిలో పూడిక తీశాం. ఒక పగలంతా పట్టింది. ఆవిడ కాదనలేదు సరికదా మధ్యాహ్నం ఉల్లిపాయ పులుసు పెట్టారు. కవరు అక్కచెల్లెళ్ళ మధ్య ఇబ్బందిగా ఉంటుంది. ఒళ్ళు వంచి చేసేది ఏదైనా ఉందేమో చూడండి.

---

రమారమి

ఇంత ఆలోచన ఎందుకండీ. కొత్త మిషను కొని ఆ మెట్ల కింద పెట్టేయండి. వచ్చిన వస్తువుని బయట పారేయరు కదా.

---

కూకట్‌పల్లి గృహిణి

పైన రాసిన వారు ఏమీ అనుకోవద్దు, నేను దీనికి ఒప్పుకోను. నేను సాయం చేసిన వైపు మనిషిని కాబట్టి చెబుతున్నా.

2021 మే నెల, సెకండ్ వేవ్. మా ఎదురు ఫ్లాట్‌లో భార్యాభర్తలిద్దరికీ కరోనా. పదకొండు రోజులు రెండు పూటలా క్యారియర్ వాళ్ళ గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, బెల్లు కొట్టి వెనక్కి వచ్చేదాన్ని. చారు, మెత్తటి అన్నం, ఏదో ఒక కూర. మా ఆక్సీమీటర్ కూడా వాళ్ళకే ఇచ్చేశాను. ఆవిడ తలుపు కొంచెం తీసి, రీడింగ్ తొంభై నాలుగు అని వేళ్ళతో చూపించేది. తొమ్మిది వేళ్ళు, ఆగి నాలుగు వేళ్ళు. ఆ వేళ్ళ కోసం నేను మా తలుపు సందులోంచి ఎదురుచూసేదాన్ని. అంత దగ్గరయ్యాం.

కోలుకున్నాక వాళ్ళు నాకు చాలా ఖరీదైన పట్టుచీర పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, నాకు తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఏదో లెక్క తేలిపోయినట్టు అనిపించింది. అంతకు ముందు ఆవిడ గిన్నె తెచ్చి పంచదార అడిగేది, ఆ తర్వాత అడగడం మానేసింది. నిజం చెప్పాలంటే నాకు చీర కంటే ఆ గిన్నెతో రావడమే ఇష్టం. అందుకని మీ అక్కకి ఏదో ఇచ్చి వదిలించుకున్నట్టు కాకుండా చూడండి. వీలైతే మీరే ఆమెని ఇంకేదైనా అడగండి.

---

తెనాలి మందులషాపు

ఇన్సులిన్ గురించి ఒక్క మాట, ఇలాంటి రోజుల్లో ఎవరికైనా పనికొస్తుంది. మీ అన్నయ్య గారు చేసింది చాలా మంచి పని. వాడకం మొదలుపెట్టిన సీసాలు, పెన్నులు చాలా రకాలు 30 డిగ్రీల లోపు వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటాయి, పెట్టె మీద గడువు రాసి ఉంటుంది చూసుకోండి. మన ఊళ్ళలో ఉక్కపోతకి ఆ 30 దాటకుండా చూడటమే కష్టం, అందుకే తడి కుండ మేలు. ఎండ తగలకూడదు. కొందరు ఐసుగడ్డల్లో పెడతారు, అది వద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు.

---

చీరాల మిషను కుర్రాడు

అక్కా, ఆ మిషనుని పాత ఇనుము వాడికి ఇవ్వొద్దు, ఆమెని ఇవ్వనివ్వొద్దు. మా నాన్న చీరాలలో కుట్టు మిషన్లు బాగుచేస్తారు. నాకు చిన్నప్పటి నుంచీ అదే పని తెలుసు. తొక్కుడు మిషను అన్నారు కదా, మోటారు లేదు కాబట్టి కాలిపోవడానికి ఏమీ లేదు. పోత ఇనుము తల నీళ్ళకి చావదు. పట్టేస్తుంది, అంతే. నెల అయిందంటే తుప్పు పట్టి ఉంటుంది, అయినా భయం లేదు.

నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని రాస్తున్నా. ముందు చక్రాన్ని బలవంతంగా తిప్పకండి. లోపల ఇసక ఉంటుంది, తిప్పితే అరుగుతుంది. బెల్టు తీసేయండి, తల వెనక ఉన్న రెండు స్క్రూలు వదులు చేస్తే తల చేతికి వస్తుంది. మంచినీళ్ళతో, మెత్తని బ్రష్‌తో బురద కడిగేయండి. ఇంతకాలం నీళ్ళలో ఉన్నదానికి మళ్ళీ నీళ్ళేంటి అనుకోవద్దు, బురద ఆరితే సిమెంటులా పడుతుంది. తర్వాత ఎండలో ఆరబెట్టండి. సూది, పాదం, సూది కింది పళ్ళెం, బాబిన్ కేసు విప్పి ఒక గిన్నెలో వేయండి. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోన్‌లో ఫోటో తీసుకుంటూ విప్పండి.

అసలు మందు కిరోసిన్. ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి డీజిల్ వాడండి. ఆ ముక్కలన్నీ అందులో ఒక రోజు నానాలి. తలలో నూనె వేసే రంధ్రాలు ఉంటాయి, ప్రతి రంధ్రంలో నాలుగు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న చక్రం పట్టుకుని గోరంత ముందుకి, గోరంత వెనక్కి ఆడించండి. కదలకపోతే మళ్ళీ చుక్కలు, మళ్ళీ రాత్రి. నాన్న అనేది ఏమిటంటే, "మూడో రోజుకి కదలని మిషనుని నేను చూడలేదు". కదిలాక ఆ డీజిల్ అంతా గుడ్డతో తుడిచి మిషను నూనె వేయాలి. డీజిల్ అలాగే ఉంటే బట్టకి మరకలు పడతాయి. మొదట పాత గుడ్డ మీద కుట్టి చూడండి.

బల్ల చెక్క ఉబ్బి ఉంటుంది, అది మార్చాలి. బెల్టు, సూదులు కొత్తవి. పొగ, నిప్పు దగ్గరకి డీజిల్ గిన్నె తేవద్దు, బాబుని దూరంగా ఉంచండి. ఎక్కడైనా ఆగితే ఫోటో ఇక్కడ పెట్టండి, నాన్నకి చూపిస్తాను.

---

పైపులరోడ్డు కోడలు · అక్టోబర్ 3

అందరికీ చేతులెత్తి దండం. గృహిణి గారూ, "మీరే ఇంకేదైనా అడగండి" అన్నారు కదా, ఆ మాట పట్టుకున్నాను. నిన్న గాంధీ జయంతి, అందరం ఇంట్లోనే ఉన్నాం. పైకి వెళ్ళి "అక్కా, దసరాకి నాకు జాకెట్టు కావాలి. పక్క వీధిలో ఇవ్వను, నువ్వే కుట్టాలి" అన్నాను. "దేంతో కుట్టమంటావ్" అంది. "ఆ పట్టా తీద్దాం పద" అన్నాను. కాసేపు నన్నే చూసి దిగి వచ్చింది.

తల విప్పింది. ఆ రెండు స్క్రూలకి అరగంట పట్టింది. మా ఆయన అర లీటరు డీజిల్ తెచ్చారు. బాబాయి గారు ఎదురింటి నుంచి స్పానర్ల డబ్బాతో వచ్చారు. ఆయన్ని బకెట్ లేకుండా, అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. బాబిన్ కేసు తీస్తే లోపల బాబిన్‌కి మెరూన్ దారం ఇంకా చుట్టి ఉంది. శనివారం రాత్రి తను కుడుతూ ఆపేసిన జాకెట్టుదట. అక్క ఆ దారం కొసని గోటితో పట్టుకుని లాగింది. పైన బురద, లోపల రంగు అలాగే ఉంది. "ఆ పిల్లకి చవితికి ఇస్తానని చెప్పాను" అంది. అంతవరకూ మిషను గురించి ఆమె ఒక్క మాట అనలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను అప్పుడే చూశాను.

ఇప్పుడు ముక్కలన్నీ స్టీలు గిన్నెలో నానుతున్నాయి. చక్రం ఇంకా కదల్లేదు. నాన్నగారికి ఫోటో చూపిస్తారా తమ్ముడూ? షటిల్ దగ్గర నల్లగా గట్టిగా ఏదో పట్టుకుని ఉంది.

---

చీరాల మిషను కుర్రాడు

చూపించానక్కా. అది తుప్పు కాదు, పాత దారం ముక్కలూ బురదా కలిసి గడ్డ కట్టింది. సూది మొనతో కొంచెం కొంచెంగా గీకండి, స్క్రూడ్రైవర్ వద్దు, షటిల్ అంచుకి గీత పడితే దారం తెగుతూనే ఉంటుంది. మళ్ళీ నాలుగు చుక్కలు వేయండి.

---

పైపులరోడ్డు కోడలు · అక్టోబర్ 10

తిరిగింది.

ఐదో తారీకు పొద్దున్న, మేం ఎవరం లేనప్పుడు, వాళ్ళమ్మాయి ఊరికే చెయ్యి వేస్తే కదిలిందట. అరుచుకుంటూ కిందికి వచ్చింది. నాన్నగారి మూడో రోజు లెక్క తప్పలేదు. బల్లకి ఇంటి ఓనరు గారు పాత తలుపు చెక్క ఒకటి ఇచ్చారు, బాబాయి గారు కోసి చిత్రిక పట్టారు. బెల్టు, సూదులు, మిషను నూనె వన్‌టౌన్ నుంచి నేను తెచ్చాను. వీటికి డబ్బులెంత అని అక్క అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిన్న మూలా నక్షత్రం. కొండ మీద అమ్మవారిది సరస్వతీ అలంకారం. మేం వెళ్ళలేకపోయాం, టీవీలో చూశాం. అక్క మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టి తొక్కింది. మా అత్తయ్య మెట్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. మొదట ఆ మెరూన్ జాకెట్టు పూర్తి చేసింది, బట్ట ఉతికితే బాగానే ఉంది. తర్వాత నాది. రాత్రి తొమ్మిదింటికి మడత పెట్టి తెచ్చింది.

"ఎంతక్కా?" అన్నాను.

"నూట యాభై."

రెండొందల నోటు ఇచ్చాను. కొంగు ముడి విప్పి యాభై తిరిగిచ్చింది. తీసుకున్నాను.